స్టీరింగ్ ముందు పుదీనా నూనె: గిరాకీ ఎంత? గుణం ఎంత?

సుగంధ తైలాల బజారుకు ఇంతకాలం తెలిసిన కొనుగోలుదారులు కొద్ది వర్గాల వారే. బామ్‌ల తయారీదారులు, టూత్‌పేస్టు, సబ్బుల కంపెనీలు, పాన్‌మసాలా, అగరువత్తుల వారు, వీరందరికీ పైన ఎగుమతిదారులు. ఇటీవలి సంవత్సరాలలో వీరి సరసన మరొక పేరు వినవస్తున్నది. అతడు బండి నడిపేవాడు. కారులో ఏసీ గాలి వచ్చేచోట తగిలించే బిళ్ళలు, అద్దానికి వేలాడదీసే చిన్న సీసాలు, మణికట్టుకు రుద్దుకునే రోల్-ఆన్‌లు “ప్రశాంతత, ఏకాగ్రత” అనే రెండు మాటల మీద అమ్ముడవుతున్నవి. వాటిలోని సరుకు మనకు తెలిసిన సరుకే. పుదీనా, నీలగిరి, నారింజ, లావెండరు, నిమ్మగడ్డి నూనెలు, కొన్నిటిలో కర్పూరం.

ఈ గిరాకీని చూసి నూనె నిల్వ పెట్టదలచినవారు, సొంత చీటీతో సీసాలు నింపి అమ్మదలచినవారు, లారీలపై సరుకు తెప్పించుకునే వర్తకులు కూడా ఒక సంగతి ముందుగా తెలుసుకోవలసి ఉన్నది. సీసాపై పక్కపక్కన అచ్చువేసే ఆ రెండు మాటలూ సాధారణంగా ఒకే నూనెలో దొరకవు. మనసును శాంతపరచే నూనె చేతిని నెమ్మది చేస్తుంది. మెలకువ నిలిపే నూనె ఒకటి లేకపోలేదు గాని దాని పనికి హద్దు ఉన్నది. ఆ హద్దు ఎక్కడో తెలియకుండా అమ్మితే నష్టపోయేది కొన్నవాడొక్కడే కాదు, ఎదురుగా వచ్చే బండిలోనివారు కూడా. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ లెక్క చెబుతున్నది.

నూనె అంటే ఏ నూనె

సుగంధ తైలం నువ్వుల నూనె, వేరుశనగ నూనె వంటిది కాదు. గానుగ నూనెలు కొవ్వు పదార్థాలు, పోసినచోటనే ఉంటవి. సుగంధ తైలం గాలికి ఎగిరిపోయేది. ఆకునో పువ్వునో గడ్డినో ఆవిరిలో ఉడికించి, ఆ ఆవిరిని చల్లార్చితే నీటిపై తేలే తేట ఇది. నారింజ, నిమ్మ జాతులకు మాత్రం తొక్కను పిండి తీస్తారు. ఆవిరిపట్టి తీసిన నూనెకు పాతకాలపు పరీక్ష ఒకటి ఇప్పటికీ పనికివస్తుంది. తెల్లకాగితంపై ఒక చుక్క వేసి ఆరనిస్తే నికార్సయిన సరుకు ఎగిరిపోతుంది. జిడ్డు మరక మిగిలితే అందులో గానుగ నూనె కలిసినదని అర్థం.

తెలుగువారికి ఈ సరుకు కొత్తది కాదు. మెంథాల్, కర్పూరం వంటి వాటితో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం మొదలుపెట్టినారు. ఆ వ్యాపారం చేసుకుంటూనే 1908లో ఆంధ్రపత్రికను స్థాపించినారు. తెలుగు పత్రికారంగానికి బామ్ సీసా చేసిన మేలు తక్కువది కాదు. హైదరాబాదులో 1920 నుంచి తయారవుతున్న జిందా తిలిస్మాత్‌లో ప్రధాన సరుకు నీలగిరి తైలం. పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు, కర్పూరం మూడూ కలిపితే వాటంతట అవే కరిగి అమృతధార అవుతుందని పచారీ కొట్టు గుమాస్తాకు కూడా తెలుసు. బస్సులో కడుపు తిప్పినప్పుడు రుమాలుపై ఒక చుక్క వేసుకుని వాసన చూసే అలవాటు పాతదే. ఆ రుమాలు ఇప్పుడు ప్రయాణికుని చేతి నుంచి డ్రైవరు చేతికి వచ్చినది, అంతే తేడా.

పుదీనాకే పెద్దపీట ఎందుకు

ఈ నూనెలలో డ్రైవింగుకు కాస్త ఆధారం చూపగలిగినది పుదీనా. ఇందులో ముఖ్య పదార్థం మెంథాల్. చర్మంలోను, ముక్కులోను, కంటిలోను చలిని గుర్తించే నరాల మీద ఒక చిన్న తలుపు వంటి ప్రోటీను ఉన్నది. చల్లదనం తగిలితే ఆ తలుపు తెరుచుకొని మెదడుకు కబురు పోతుంది. మెంథాల్ తగిలినా అదే తలుపు తెరుచుకుంటుంది. ఈ సంగతి 2002లో బయటపడినది. దీనిని కనుగొన్నవారిలో ఇద్దరు, డేవిడ్ జూలియస్, ఆర్డెం పటపూటియన్, ఉష్ణస్పర్శ జ్ఞానంపై చేసిన పరిశోధనలకు 2021 నోబెల్ బహుమతి పొందినారు.

అంటే పిప్పరమెంటు వాసన చూసినప్పుడు ముఖంపై చన్నీళ్ళు చల్లినట్లు అనిపించడం ఉత్త భ్రమ కాదు, నరం నిజంగానే కబురు పంపుతున్నది. కాని ముక్కు మూసుకుపోయినప్పుడు మెంథాల్ పీలిస్తే దారి తెరుచుకున్నట్లు తోచడం మాత్రం తోపుడే. గాలి పోయే దారి కొలిచి చూస్తే అంతకుముందు ఎంత ఉన్నదో అంతే ఉంటుంది. చలిని గుర్తించే నరం మేలుకొన్నది, మనిషి మేలుకొన్నాడా అన్నది వేరే ప్రశ్న.

మరొక ఇబ్బంది ముక్కు స్వభావంలోనే ఉన్నది. ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే కొద్ది నిమిషాలలో ముక్కు దానిని పట్టించుకోవడం మానివేస్తుంది. అత్తరు కొట్టు యజమానికి తన కొట్టు వాసన తెలియదు. మిర్చి యార్డులో హమాలీకి రాని దగ్గు కొత్తగా వచ్చినవాడికి వస్తుంది. అందువల్ల కారులో రోజంతా వాసన వెదజల్లే బిళ్ళ మొదటి పావుగంట పని చేసినంతగా తరువాత చేయదు. డ్రైవరు వాసన తగ్గినదనుకొని మోతాదు పెంచుతాడు, వెనుక సీటులో కొత్తగా ఎక్కినవారికి తలనొప్పి వస్తుంది. ఎడతెగకుండా వచ్చే వాసనకన్నా అప్పుడప్పుడు మూత తీసి చూసే సీసా మేలన్నది దీనిని బట్టి తేలుతున్నది.

పరీక్షలలో తేలినది

ఇంగ్లండులోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయంలో మార్క్ మాస్, ఆయన సహచరులు చేసిన రెండు పరీక్షలు ఇక్కడ చెప్పుకోదగినవి. 2003లో ప్రచురించిన మొదటిదానిలో 144 మందిని మూడు భాగాలు చేసి, కొందరిని లావెండరు వాసన గల గదిలో, కొందరిని రోజ్‌మేరీ వాసన గల గదిలో, మిగిలినవారిని ఏ వాసనా లేని గదిలో కూర్చుండబెట్టి కంప్యూటరుపై జ్ఞాపకం, శ్రద్ధ, చురుకు పరీక్షించినారు. లావెండరు గదిలోని వారికి అప్పటికప్పుడు గుర్తుపెట్టుకొని పని చేసే శక్తి తగ్గినది, స్పందించే వేగం కూడా మందగించినది. రోజ్‌మేరీ గదిలో జ్ఞాపకం మెరుగుపడినది గాని గుర్తు తెచ్చుకునే వేగం మాత్రం పెరగలేదు.

2008లో వచ్చిన రెండవ పరీక్షలో పుదీనాను, మన వైపు సంపెంగ జాతి వాసనను తలపించే ఇలాంగ్-ఇలాంగ్ నూనెను పోల్చినారు. పుదీనా జ్ఞాపకశక్తిని, మెలకువను పెంచినది. ఇలాంగ్-ఇలాంగ్ మనుషులను ప్రశాంతపరచినది, దానితోపాటే మెలకువను తగ్గించి ఆలోచన వేగాన్ని మందగింపజేసినది.

వర్తకులు దీనిని తమ భాషలో చదువుకోవచ్చు. ప్రశాంతత అనే సరుకుకు చెల్లించే ధర స్పందన వేగం. పడక గదిలో ఆ బేరం గిట్టుబాటే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అర సెకను ఆలస్యం 11 మీటర్లు, అంటే ఒక పెద్ద లారీ పొడవు. లావెండరు సీసాపై “డ్రైవింగుకు ప్రత్యేకం” అని చీటీ అంటించేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్ జెస్యూట్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రయాన్ రాడెన్‌బుష్ బృందం 2009లో ప్రచురించిన పరీక్ష నేరుగా డ్రైవింగుకే సంబంధించినది. కృత్రిమ డ్రైవింగు యంత్రం ముందు చాలాసేపు కూర్చున్నవారికి కోపం, అలసట పెరిగినవి. పుదీనా వాసన ఇచ్చినప్పుడు అలసట తక్కువగా ఉన్నట్లు వారు చెప్పినారు. పుదీనా, దాల్చినచెక్క వాసనలు రెండూ చికాకును తగ్గించినవి. చికాకు తగ్గించడం వేరు, మత్తుగా శాంతపరచడం వేరు. ట్రాఫిక్‌లో చిక్కుకున్నవాడికి కావలసినది మొదటిది.

అయితే ఈ పరీక్షలన్నీ గదులలోను, యంత్రాల ముందును జరిగినవే. తెల్లవారుజామున జాతీయ రహదారిపై, సిమెంటు బస్తాల లోడుతో జరిగినవి కావు. అలసట తగ్గినట్లు అనిపించడానికి, అలసట తగ్గడానికి మధ్య దూరం చాలా ఉన్నది. నిజానికి ప్రమాదం ఆ దూరంలోనే పొంచి ఉన్నది. కునికిపాట్లు పడుతున్నవాడు పిప్పరమెంటు పీల్చి, తేరుకున్నాననుకొని, మరొక వంద కిలోమీటర్లు పోదామనుకుంటే ఆ సీసా అతనికి మేలు చేసినట్లా, కీడు చేసినట్లా? మెదడు నిద్ర కోరినప్పుడు రెండు మూడు సెకన్ల కునుకు కళ్ళు తెరిచి ఉండగానే పట్టవచ్చు. దానిని ఏ వాసనా ఆపదు. బండి పక్కకు తీసి 15, 20 నిమిషాలు పడుకోవడం, దానికి ముందు ఒక కప్పు కాఫీయో టీయో తాగడం, ఇవి చాలా దేశాల రహదారి భద్రతా సంస్థలు చెప్పే ఉపాయం. కాఫీ గుణం ఒంటబట్టడానికి అరగంట వరకు పడుతుంది కాబట్టి కునుకు తీసి లేచేసరికి అది పని మొదలుపెడుతుంది. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరుకు రోజుకు 8 గంటల పని అని పరిమితి పెట్టినది. రాత్రికి రాత్రి యార్డుకు సరుకు చేరాలని ఫోను మీద ఫోను చేసే వర్తకుడు డ్రైవరుకు నూనె సీసా కొనిచ్చి ఊరుకుంటే లాభం లేదు.

డ్రమ్ము లెక్క

ఇక బజారు సంగతి. పరీక్షలలో వాడిన పెప్పర్‌మింట్ నూనె, మన దేశపు మెంథా నూనె ఒకటి కావు. పెప్పర్‌మింట్ మొక్కను మెంథా పిపరిటా అంటారు. దాని నూనెలో మెంథాల్ ఇంచుమించు 35 నుంచి 50 శాతం ఉంటుంది, వాసన మృదువు, ధర ఎక్కువ. అమెరికాలో ఆరెగాన్, వాషింగ్టన్, ఐడహో రాష్ట్రాలు దీనికి పేరుపొందినవి. మన దేశంలో విరివిగా పండేది మెంథా ఆర్వెన్సిస్, అనగా జపాన్ పుదీనా. ఇందులో మెంథాల్ 70 నుంచి 80 శాతం, ఘాటు ఎక్కువ. మన బజారులో రెండింటినీ “పిప్పరమెంటు” అనడం వాడుక. సీసాపై ఒకటి రాసి లోపల మరొకటి పోయడం దీనివల్ల సులువైపోయినది.

జపాన్ పుదీనాకు యుద్ధానికి ముందు జపాను, తరువాత బ్రెజిల్, ఆ తరువాత చైనా ప్రధాన స్థానాలుగా ఉండేవి. మన దేశానికి 1950ల తొలి సంవత్సరాలలో ఈ మొక్క వచ్చినది. లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ మొక్కల పరిశోధన సంస్థ విడుదల చేసిన శివాలిక్, హిమాలయ, కోసి వంటి రకాలతో ఉత్తరప్రదేశ్‌లో సాగు విస్తరించి, 1990ల నుంచి ప్రపంచ బజారుకు మన దేశమే పెద్ద దిక్కయినది. బారాబంకీ, సంభల్, రాంపూర్, మొరాదాబాద్, బదాయూఁ జిల్లాలు ఈ పంటకు ముఖ్యమైనవి. గోధుమ, బంగాళాదుంప, ఆవాలు కోసిన చేలలో వరి నాటే లోపల వచ్చే మధ్య పంట ఇది. మే చివర నుంచి కోత మొదలై జూన్, జూలై నెలలలో నూనె రాక ముమ్మరమవుతుంది. హెక్టారుకు 100 నుంచి 150 కిలోల నూనె వస్తుందని ఒక అంచనా. కోత సమయంలో వాన పడితే ఆకులో నూనె పాలు తగ్గుతుంది.

ఈ నూనెను చల్లబరిస్తే మెంథాల్ గడ్డకట్టి స్ఫటికాలుగా విడిపోతుంది. మిగిలినదానిని డీఎంఓ, అనగా మెంథాల్ తీసిన నూనె అంటారు. ఎగుమతి సరుకు ప్రధానంగా ఈ రెండూనే.

డ్రైవర్ల గిరాకీ ఈ బజారును కదిలించగలదా? ఒక లెక్క చూద్దాం. 10 మిల్లీలీటర్ల రోల్-ఆన్ సీసాలో పుదీనా నూనె 5 శాతం వేసి, మిగిలినది కొబ్బరినూనె వంటిది పోసినారనుకుందాం. సీసాకు పట్టే నూనె అర మిల్లీలీటరు, తూకంలో సుమారు 0.45 గ్రాము. 180 కిలోల ఒక్క డ్రమ్ముతో 4 లక్షల సీసాలు నిండుతవి. ఎంసీఎక్స్‌లో 2005లో మెంథా నూనె వాయిదా వ్యాపారం మొదలైన తరువాత వర్తకులకు పరిచయమైన లాటు 360 కిలోలు. ఆ ఒక్క లాటుతో 8 లక్షల సీసాలు. నాలుగు లక్షల సీసాలు అమ్ముకునే సరికి కంపెనీవాడికి జుట్టు నెరుస్తుంది, ఆ డ్రమ్ము ఒకటిన్నర హెక్టారు పంటతో తిరిగి నిండుతుంది.

కనుక “కార్ల గిరాకీ వచ్చినది” అనే మాట మీద వాయిదాలో తేజీకి కొనడం తెలివైన పని కాదు. మెంథా ధరను కదిలించేవి వేరే ఉన్నవి. ఫిబ్రవరి, మార్చి నెలలలో రైతు ఎంత నేల నాటినాడు, జూన్‌లో వాన ఎప్పుడు వచ్చినది, విదేశీ మెంథాల్ ఆర్డర్లు ఎట్లా ఉన్నవి, వీటికి తోడు కృత్రిమ మెంథాల్ ధర. 2012 తొలి నెలలలో మెంథా నూనె కిలో 2 వేల రూపాయలు దాటినది. ఆ ధర చూసి రైతులు సాగు పెంచినారు, తరువాతి రెండు సంవత్సరాలలో ధర సగానికి దిగువకు జారినది. ఆ 2012లోనే జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ మెంథాల్ కర్మాగారం ప్రారంభించినది. జపానులో తకసాగో, జర్మనీలో సిమ్‌రైజ్ అంతకుముందు నుంచే కృత్రిమంగా తయారు చేస్తున్నవి. తకసాగో పద్ధతికి మూలమైన పరిశోధనకు రయోజి నొయోరికి 2001లో నోబెల్ బహుమతి కూడా వచ్చినది. సహజ నూనె ధర మరీ పెరిగితే పెద్ద కొనుగోలుదారులు అటు తిరుగుతారు. తేజీకి పై మూత ఇదే.

తైలం వర్తకుడికి లాభం ఉంటే గింటే సీసా దగ్గర ఉన్నది. అర గ్రాము నూనె ధర సీసా, మూత, చీటీ, పెట్టె ధరలో లెక్కకు రాదు. అటువంటప్పుడు నాసి నూనె పోసి మిగుల్చుకునేది ఏమీ ఉండదు. అయినా పోస్తున్నారు.

మిగిలిన నూనెలు

లావెండరు విషయం పైన చెప్పినదే. బల్గేరియా, ఫ్రాన్సులు దీనికి పెద్ద స్థానాలు. జమ్మూకాశ్మీర్‌లోని భదర్వాలో కూడా సాగు పెరిగినది. బస చేరిన తరువాత దిండు మీద వేసుకోవడానికి మంచి నూనె, స్టీరింగు దగ్గర దానికి పని లేదు.

నిమ్మగడ్డి నూనె మనకు దగ్గరి సరుకు. ఒకప్పుడు కేరళ నుంచి ఎగుమతయ్యే ఈ నూనెకు “కొచ్చిన్ నూనె” అనే పేరు ఉండేది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మెట్ట భూములలో నిమ్మగడ్డి, పామరోజా గడ్డి పండించే రైతులు ఉన్నారు. లక్నో సంస్థకు హైదరాబాదు బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉన్నది. కారు వాసనలకు నిమ్మగడ్డి బాగా నప్పుతుంది, సిగరెట్టు వాసనను, తోలు వాసనను అణుస్తుంది. కాని పైన చెప్పిన పరీక్షలు ఏవీ నిమ్మగడ్డి నూనెతో జరిగినవి కావు. దానిని వాసన కోసం అమ్మడం న్యాయం, ఏకాగ్రత కోసం అమ్మడం సాహసం.

నారింజ, నిమ్మ, బెర్గమాట్ తొక్కల నూనెలలో వేరొక చిక్కు ఉన్నది. నారింజ కాదుగాని, పిండి తీసిన బెర్గమాట్, నిమ్మ నూనెలు చర్మంపై రాసుకొని ఎండ తగలనిస్తే ఎర్రబడి మచ్చలు పడవచ్చు. డ్రైవరు కుడిచేయి కిటికీ దగ్గర ఎండలో ఉంటుందన్న సంగతి రోల్-ఆన్ తయారీదారు మరువరాదు.

నీలగిరి, కర్పూరాల గురించి కాస్త గట్టిగా చెప్పవలసి ఉన్నది. కర్పూరం సహజమే గనుక హాని లేదని అనుకునేవారు మనలో ఎక్కువ. నేటి బజారు కర్పూరంలో అధిక భాగం టర్పెంటైను నుంచి తయారయ్యేది. సహజమైనా కాకపోయినా మోతాదు మించితే మూర్ఛ తెప్పించే గుణం దానికి ఉన్నది. దక్షిణ భారతంలోని కొన్ని ఆసుపత్రుల వైద్యులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్దలలో వచ్చిన మూర్ఛలు కొన్నిటికి నీలగిరి, కర్పూర తైలాల వాడకంతో సంబంధం కనిపించినట్లు తెలిపినారు. మూర్ఛ రోగం ఉన్నవారు అసలే బండి నడపరాదు. ఉన్నట్లు తెలియనివారి మాట ఆలోచించాలి. పసిపిల్లలకు ఘాటైన మెంథాల్, కర్పూరం ముక్కు దగ్గర పెడితే ఊపిరి అందక ప్రమాదం కలగవచ్చు. అద్దాలు మూసిన కారులో కర్పూరపు గోపురం, ఒడిలో బిడ్డ, ఈ రెండూ కలవకూడనివి.

ఎండలో సీసా

నిల్వ, రవాణా చేసేవారికి మంట అంటుకునే ఉష్ణోగ్రత ముఖ్యం. నీలగిరి, నారింజ నూనెల ఆవిరి 50 డిగ్రీల సెంటిగ్రేడుకు కాస్త దిగువనే నిప్పు తగిలితే అంటుకునే స్థితికి వస్తుంది. పుదీనా, లావెండరులకు ఇది సుమారు 65 డిగ్రీలకు పైన. అమెరికాలోని ఆరిజోనాలో కార్లను ఎండలో నిలిపి కొలిచి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గంటసేపటికి డాష్‌బోర్డు వేడి సగటున 69 డిగ్రీలకు చేరినట్లు తేలినది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో నిలిపిన బండి ఇందుకు తీసిపోదు. నూనె తనంతట తాను మండదు, నిప్పు కావాలి. కాని మన లారీలలో డాష్‌బోర్డుపై దేవుని పటం, పటం ముందు వెలిగించిన అగరువత్తి ఉండడం మామూలే. వాసన సీసాను ఆ పక్కనే పెట్టవద్దని చీటీపై రాస్తే రెండు పంక్తులకు మించదు.

నూనె కారితే డాష్‌బోర్డు ప్లాస్టిక్ మెత్తబడి మచ్చ పడుతుంది. నారింజ నూనెకు, నీలగిరికి ఈ గుణం ఎక్కువ. పలుచని ప్లాస్టిక్ సీసాలో ఈ నూనెలు నింపరాదు. గోధుమరంగు గాజు సీసా, అల్యూమినియం డబ్బా నయం. తొక్క నూనెలు గాలి తగిలి పాతబడితే చర్మానికి దురద పుట్టించే పదార్థాలు తయారవుతవి. సగం ఖాళీ అయిన డ్రమ్మును నెలల తరబడి ఉంచకుండా చిన్న డబ్బాలలోకి నిండుగా మార్చుకోవడం మంచిది.

కల్తీ, చీటీ

మెంథా నూనెలో డీఎంఓ కలపడం, లావెండరులో చవకయిన లావెండిన్ నూనెనో కృత్రిమ లినలూల్‌నో కలపడం, నిమ్మగడ్డిలో కృత్రిమ సిట్రాల్ వేయడం ఈ వ్యాపారంలో తెలిసిన రోగాలే. కాగితం మరక పరీక్షకు ఇవి దొరకవు. గ్యాస్ క్రొమటోగ్రఫీ నివేదిక అడగాలి, అందులోని బ్యాచి నంబరు డబ్బాపై నంబరుతో సరిపోవాలి. నివేదిక ఒకదానిది, డబ్బా మరొకదానిది అయిన సందర్భాలు లేకపోలేదు.

చీటీ మీద మాటకు కూడా బరువు ఉన్నది. వాసన సరుకుగా అమ్మితే తూనికలు కొలతల నిబంధనల ప్రకారం నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, ప్యాకు చేసినవారి పేరు, చిరునామా వంటి వివరాలు ఉంటే సరిపోవచ్చు. “నిద్ర రాదు”, “ఒత్తిడి నయమగును” అని రాసిన క్షణం అది మందుల చట్టం వైపు జరుగుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉన్నది. “తాజా పుదీనా వాసన, అలసటగా ఉంటే బండి ఆపి విశ్రమించండి” అని రాసిన చీటీకి ఏ చిక్కూ లేదు, అమ్మకం తగ్గుతుందన్న భయం కూడా అక్కరలేదు.

ఉత్తరాది నుంచి చిన్న మొత్తంలో మెంథా నూనె తెప్పించేవారు చలికాలంలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. చలికి డ్రమ్ములో మెంథాల్ అడుగున గడ్డకట్టి, పైన పలుచని నూనె నిలుస్తుంది. పైనుంచి తీసిన నమూనాలో మెంథాల్ తక్కువగాను, అడుగు నుంచి తీసినదానిలో ఎక్కువగాను తేలి, బేరం తగాదాకు దిగుతుంది. డ్రమ్మును గోరువెచ్చని చోట ఉంచి, గడ్డ పూర్తిగా కరిగిన తరువాత దొర్లించి కలిపి, అప్పుడు ఇరుపక్షాల ఎదుట నమూనా తీయించాలి.